ఆదివారం తొమ్మిదిన్నర గంటల వస్తాదు

తెలుగు ఇళ్ళలో పిల్లవాడు అన్నం తినకుండా తన కంటె పెద్దవాడి మీదకు కలబడితే తల్లి అనే మాట ఒకటున్నది: "వీడొక పెద్ద దారాసింగ్ బయలుదేరాడు!" బియ్యం బస్తాను ఒంటిచేత్తో ఎత్తబోయి నడుము పట్టించుకున్న కొత్త అల్లుడి గురించి కూడా ఇదే మాట వినిపిస్తుంది. భీముని తరువాత, మన శ్రీకాకుళం సీమ మల్లుడు కోడి రామమూర్తి నాయుడు గారి తరువాత, తెలుగువారి నోట సామెతగా స్థిరపడిన మూడవ బలశాలి ఒక పంజాబీ. ఆయనకు తెలుగు రాదు. మనలో చాలమంది ఆయన కుస్తీ పట్టగా చూడనూ లేదు. అయినా ఆయన పేరు మన నిత్యవ్యవహారంలో నామవాచకమైపోయింది. ఇది ఎలా జరిగింది, అందులోనూ సముద్రమధ్యంలో ఉన్న మన అండమాన్ ద్వీపాలలో ఆయన పట్ల అంతటి ఆత్మీయత ఎలా ఏర్పడింది అన్నది పాత ఉద్యోగులకు గుర్తుండే విషయమే. కొత్తగా చేరిన వారికి, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు తెలియడం కోసం ఈ నాలుగు మాటలు.

దారాసింగ్ అసలు పేరు దీదార్ సింగ్ రంధావా. 1928 నవంబరు 19న పంజాబులో అమృత్‌సర్ జిల్లా ధర్మూచక్ గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. గ్రామాలలోని మట్టి గోదాలలో దండీలు, బస్కీలు తీసి, పాలూ వెన్నా త్రాగి పెరిగిన శరీరం. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజులలో బ్రతుకుతెరువు వెదుక్కుంటూ సింగపూర్ చేరుకొని, అక్కడ డ్రమ్ములు తయారుచేసే మిల్లులో పనిచేస్తూ, హర్నామ్ సింగ్ అనే గురువు వద్ద గ్రేట్ వరల్డ్ ప్రాంగణంలో వృత్తి మల్లయుద్ధంలో శిక్షణ పొందారు. మన ద్వీపాలకు ఆగ్నేయంగా ఉన్న ఆ రేవుపట్టణానికి బంగాళాఖాతం మీదుగా పొట్ట చేతపట్టుకొని వెళ్ళిన భారతీయులు అసంఖ్యాకులు. వారిలో మన విశాఖ, శ్రీకాకుళం వారూ ఉన్నారు. సముద్రం దాటి వెళ్ళి పని చేసుకొని పేరు తెచ్చుకొన్నవాడన్న సంగతి తెలిసిన తరువాత ఆయన మీద మన ద్వీపవాసుల అభిమానం ఇంకొక మెట్టు పెరిగిందంటే అతిశయోక్తి కాదు. మనమూ ఆ విధంగా వచ్చినవారమే గదా!

స్వదేశానికి తిరిగివచ్చిన పిదప 1954లో టైగర్ జోగీందర్ సింగ్‌ను ఓడించి 'రుస్తుమ్-ఎ-హింద్' బిరుదు పొందారు. 1959లో కలకత్తాలో కెనడా మల్లుడు జార్జ్ గోర్డియెంకోను గెలిచి కామన్‌వెల్త్ విజేత అయినారు. 1968 మే 29న బొంబాయిలో అమెరికా దేశపు ప్రఖ్యాత మల్లుడు లూ థెజ్‌ను ఓడించడంతో ప్రపంచ విజేత అన్న ప్రతిష్ఠ దక్కింది. అయితే తెలుగునాట ఈ విజయాలన్నిటికంటె ఎక్కువగా చెప్పుకొన్నది 'కింగ్ కాంగ్' కథ. హంగేరీ మూలాలు గల ఎమిల్ చాయా అనే మహాకాయుడు ఆ పేరుతో సింగపూర్ కేంద్రంగా ఆసియా ఖండమంతా కుస్తీలు పట్టేవాడు. తన కంటె ఎంతో బరువైన ఆ మనిషిని దారాసింగ్ నెత్తికెత్తి గిరగిర త్రిప్పి విసిరివేశాడన్న ఉదంతం నోటి నుండి నోటికి ప్రాకి, ప్రతి పల్లెలోనూ కొంచెం కొంచెంగా బరువు పెరిగింది. మా ఊరికి వచ్చేసరికి కింగ్ కాంగ్ ఒక లారీ అంత అయినాడు.

ఆ రోజులలో దారాసింగ్‌ను తెలుగువారికి పరిచయం చేసినవి వార్తాపత్రికలు, గోడల మీది పోస్టర్లు, ఆ పిమ్మట సినిమాలు. 1962లో వచ్చిన 'కింగ్ కాంగ్' చిత్రంతో ఆయన కథానాయకుడైనారు. తరువాత దశాబ్దంలో ముంతాజ్ కథానాయికగా ఆయన నటించిన చిత్రాలే పదిహేను పైచిలుకు. టూరింగ్ టాకీసులో నేలక్లాసు ఇసుక మీద కూర్చొని చూసే ప్రేక్షకునికి హిందీ రాకపోవడం ఏమాత్రం అడ్డు కాలేదు. సింహంతో పోరాటం, గొలుసులు తెంచడం, రథచక్రం ఎత్తడం వంటివి ఏ భాషలోనైనా ఒక్కటే. 1965లో వచ్చిన హిందీ 'మహాభారత్' చిత్రంలో ఆయన భీముడు. అదే సంవత్సరం 'సికందర్-ఎ-ఆజమ్'లో అలెగ్జాండర్. 1976లో 'బజరంగ్‌బలీ' చిత్రంలో హనుమంతుడు. ఈ చివరి వేషం ముందు ముందు ఆయన జీవితాన్నే మలుపు తిప్పుతుందని అప్పుడెవరూ ఊహించి ఉండరు.

ఇక్కడ టెలివిజన్ గురించి కొంత చెప్పుకోవాలి. అమెరికాలో 1940ల చివర టెలివిజన్ కొత్తగా ఇళ్ళలోకి వచ్చినప్పుడు ఆ యంత్రాన్ని జనం చేత కొనిపించిన వినోదాలలో మల్లయుద్ధం ఒకటి. బంగారు రంగు జుట్టుతో, పట్టు అంగీతో గోదాలోకి దిగే 'గార్జియస్ జార్జ్' అనే మల్లుడు అక్కడి తొలినాటి టెలివిజన్ తారలలో ముందు వరుసలోనివాడు. జపానులో 1954 ఫిబ్రవరిలో రికిదోజాన్ అనే మల్లుడు కెనడా సోదరద్వయంతో తలపడినప్పుడు, టోక్యో వీధులలో పెట్టిన టెలివిజన్ పెట్టెల ముందు జనం వేలాదిగా గుమికూడారు. యుద్ధంలో ఓడిన దేశం ఆ మల్లుని చూసి తల ఎత్తుకొన్నది. ఈ రెండు దేశాలలోనూ మల్లుడూ టెలివిజనూ కలిసి పెరిగారు.

మన దేశంలో ఆ యోగం కలగలేదు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా టెలివిజన్ మొదలైనా, రెండవ కేంద్రం బొంబాయిలో వెలసినది 1972లో. మద్రాసు, కలకత్తా కేంద్రాలు 1975లో, హైదరాబాదు కేంద్రం 1977లో వచ్చాయి. అంటే దారాసింగ్ గోర్డియెంకోతో, థెజ్‌తో తలపడిన నాటికి మనకు చూపే పెట్టె లేదు. ఇన్‌శాట్ ఉపగ్రహం పుణ్యమా అని 1980లలో దూరదర్శన్ చిన్న పట్టణాలకు విస్తరించే సమయానికి ఆయన గోదాకు స్వస్తి చెప్పారు. 1983లో ఢిల్లీలో చివరి పోటీ. తొలినాటి టెలివిజన్ మనకు మల్లుణ్ణి చూపించింది గాని అతని మల్లయుద్ధాన్ని చూపించలేదు. లోకంలో మరే దేశపు వస్తాదుకూ ఈ విధంగా జరిగి ఉండదేమోనని నాకు తరచు అనిపిస్తుంది.

1987 జనవరి 25, ఆదివారం ఉదయం రామానంద్ సాగర్ 'రామాయణ్' ధారావాహిక ప్రారంభమైనది. 1988 జూలై ఆఖరు వరకు ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర గంటలకు. అరుణ్ గోవిల్ శ్రీరాముడు, దీపిక సీత, సునీల్ లహ్రీ లక్ష్మణుడు, అరవింద్ త్రివేది రావణుడు, దారాసింగ్ హనుమంతుడు. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిది నిండాయి. ప్రభుత్వ ఉద్యోగి అయితే పదవీ విరమణ కాగితాలు సిద్ధం చేసుకొనే వయస్సు!

ఆనాటి పోర్ట్ బ్లెయర్, అనగా నేటి శ్రీవిజయపురం, ఇప్పటి వలె ఉండేది కాదు. మద్రాసు, కలకత్తా, విశాఖపట్నం నుండి ఓడ రావాలంటే రెండున్నర, మూడు రోజులు. దినపత్రిక ఆలస్యంగా వచ్చేది, తుఫాను పట్టిందంటే ఉత్తరాలూ, ఉల్లిపాయలూ కూడ రావు. క్వార్టర్లలో సొంత టెలివిజన్ ఉన్న కుటుంబాలను వ్రేళ్ళమీద లెక్కించవచ్చు. మా రిక్రియేషన్ క్లబ్బులో మాత్రం ఒక నలుపు తెలుపు ఈ.సి. టీవీ ఉండేది. మన సోదర ప్రభుత్వరంగ సంస్థ, హైదరాబాదు ఈ.సి.ఐ.ఎల్. వారి తయారీ. చెక్కపెట్టెకు రెండు తలుపులు, వాటికి తాళం, తాళంచెవి కార్యదర్శి గారి జందేనికి. ఆయన ఆదివారం తొమ్మిది గంటలకు స్నానం చేసి, బొట్టు పెట్టుకొని వచ్చి తలుపులు తీసేవారు. తీసేముందు ఒకామె ఎవరో ఆ పెట్టెకు మందారపువ్వు పెట్టడం మొదటి నెలలోనే ఆనవాయితీ అయింది.

మన ద్వీపాలలో సూర్యుడు తొందరగా లేస్తాడు. గడియారం భారత కాలమానాన్ని అనుసరించినా, ఐదు గంటలకే పగలు మొదలవుతుంది. అందుచేత తొమ్మిదిన్నర అంటే ఇక్కడ దాదాపు నడిపొద్దు. జంగ్లీఘాట్ వైపు చేపలు దింపుకొన్న మన శ్రీకాకుళం, విశాఖ మత్స్యకార కుటుంబాల వారు బేరాలు ముగించుకొని, ఇంకా ఉప్పు తడి ఆరని లుంగీలతో వచ్చి క్లబ్బు వరండాలో నిలబడేవారు. సభ్యులు కానివారికి ప్రవేశం లేదని గోడ మీద బోర్డు ఉండేది. ఆదివారం ఉదయం ఆ బోర్డు ఎవరికీ కనబడేది కాదు.

తెలుగునాట ఉన్న మన బంధువులకు, మనకు రామాయణ్ చూడడంలో ఒక భేదం ఉన్నది. అక్కడి వారిలో అనేకులు హిందీ మాట ఒక్కటీ అర్థం కాకపోయినా, కథ తెలిసినది కాబట్టి చూశారు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. బెంగాలీ, తమిళ, తెలుగు, మలయాళ, నికోబారీ భాషల వారందరూ సంతలో, రేవులో, కార్యాలయంలో ఒకరితో ఒకరు మాట్లాడుకొనేది హిందీలోనే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో నూటికి పదముగ్గురికి తెలుగు మాతృభాష. ఆ పదముగ్గురూ గడప దాటితే హిందీ మాట్లాడవలసిందే. లింగభేదం పట్టించుకోని, ఎవరి యాస వారిదైన ఈ అండమాన్ హిందీని ఉత్తరాది అధికారులు విని నవ్వుకొనేవారు. అటువంటి మన చెవులకు దారాసింగ్ సంభాషణ ఎంత హాయిగా ఉండేదో చెప్పనలవి కాదు! రాముడూ, సీతా సంస్కృత పదాలతో నిండిన శుద్ధ హిందీ మాట్లాడుతూంటే, హనుమంతుడు మాత్రం పంజాబీ పల్లెటూరి యాసను ఎంత దాచుకొన్నా దాగక, ఒక్కొక్క మాటనూ బరువు ఎత్తినట్లు ఎత్తి పెట్టేవాడు. "ఈయనదీ మన లాంటి హిందీయే" అని మా పక్కింటి తమిళ సోదరుడు సంతోషించడం నాకు జ్ఞాపకం. దేవతలలో ఒకరు మన యాసలో మాట్లాడితే భక్తి పెరుగుతుందో, చనువు పెరుగుతుందో తెలియదు. మా క్లబ్బులో రెండూ పెరిగాయి.

మరొక సంబంధం కూడా చెప్పుకొనేవారు. 'అండమాన్' అనే పేరు హనుమంతుని పేరుకు మలయా రూపమైన 'హండుమాన్' నుండి వచ్చిందని ఒక వాదం ప్రచారంలో ఉన్నది. పండితులందరూ అంగీకరించినది కాదు గాని, సముద్రలంఘనం ఘట్టం వచ్చిన ఆదివారం నాడు ఆ వాదాన్ని కాదనే ధైర్యం మా వరండాలో ఎవరికీ లేకపోయింది. మహేంద్రగిరి శిఖరం మీద దారాసింగ్ శరీరం పెంచి నిలబడినప్పుడు, "లంకకు పోయేముందు మన మౌంట్ హ్యారియట్ మీద కాలు మోపి ఉంటాడు" అని ఒక బెంగాలీ గుమాస్తా గంభీరంగా ప్రకటించాడు. భూగోళం లెక్కన లంక ఒక దిక్కు, మనం ఒక దిక్కు. అయినా ఎవరూ సవరించలేదు.

ఆ రోజులలో మాతో పాటు రామాయణ్ చూసిన ఒక పెద్దాయన గురించి చెప్పక తప్పదు. పేరు వ్రాయను. క్వార్టర్ల వెనుక వరుసలో కుమారుని వద్ద ఉండేవారు. శ్రీకాకుళం ప్రాంతం నుండి చిన్నతనంలోనే కలకత్తా చేరి, కిదర్‌పూర్ రేవులో ఖలాసీగా బరువులు మోసి, ముసలితనంలో ఇక్కడకు వచ్చారు. అందరికీ 'తాతగారు'. ఆయనకు రెండు గర్వాలు. ఒకటి, వాళ్ళ నాన్న కోడి రామమూర్తి నాయుడు గారి సర్కసును చూడడం. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకోవడం, ఇనుప గొలుసులు తెంచడం, కదిలే మోటారుకారును ఆపడం వంటి విద్యలతో 'కలియుగ భీముడు' అనిపించుకొని, 1942లో కన్నుమూసిన వీరఘట్టం మల్లుని గురించి వారి ఇంటిలో నిన్న జరిగినట్లుగా చెప్పుకొనేవారట. రెండవ గర్వం, కలకత్తాలో దారాసింగ్ కుస్తీని తాను స్వయంగా చూడడం. చివరి తరగతి టికెట్టు, స్తంభం చాటు, అయినా చూశారు. తెర మీద హనుమంతుడు రాగానే పిల్లలు "దారాసింగ్! దారాసింగ్!" అని అరిస్తే, ఆడవారు "తప్పు, స్వామి అనండి" అని మందలించేవారు. తాతగారు మాత్రం, "దారాసింగే! అననివ్వండమ్మా. ఆంజనేయులు ఆడి ఒంట్లోకి వచ్చినాడు" అని తీర్పు చెప్పేవారు.

ఒకనాడు, ధారావాహిక ఇంకా మొదలు కాని వేళ, కొత్తగా చేరిన ఒక అప్రెంటిస్ కుర్రవాడు ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివిన సంగతి బయటపెట్టాడు. ఈ ఫ్రీస్టైల్ కుస్తీలన్నీ బూటకమట, ఎవరు గెలవాలో ముందుగానే నిర్ణయించుకొంటారట, దారాసింగ్ కూడ అంతేనట. కుర్రవాడికి చెడ్డ ఉద్దేశం లేదు. చదువుకొన్నది చెప్పాడు. తాతగారు మాట్లాడలేదు. కండువా దులిపి భుజాన వేసుకొని వెళ్ళిపోయారు. ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు. ఆయన కూర్చొనే కిటికీ ప్రక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. టీవీ చూస్తున్నా అందరి చూపూ ఆ కుర్చీ మీదే.

మూడవ శనివారం సాయంత్రం నేనూ, ఆ అప్రెంటిస్ కలిసి వారి ఇంటికి వెళ్ళాం. కుర్రవాడు క్షమాపణ మొదలుపెట్టబోతే తాతగారు చేయి అడ్డం పెట్టారు. "నువ్వు సదివింది అబద్ధమని నేననను బావూ. గెలుపు ముందుగా రాసుకున్నారనే అనుకో. మరి ఆ మనిసిని నెత్తికి ఎత్తినాడు కదా, ఆ బరువు కూడా రాసుకున్నదేటి? నలబై ఏళ్ళు నేను మూటలు మోసినాను. బరువు సంగతి నాకు తెలవదేటి?" అన్నారు. కుర్రవాడికి జవాబు లేదు. నాకూ లేదు. మరునాడు సంజీవి పర్వతం తెచ్చే ఘట్టం. తాతగారు అందరికంటె ముందుగా వచ్చి కూర్చున్నారు. కుర్రవాడు నేల మీద, ఆయన కాళ్ళ దగ్గర.

ఈ చర్చలో ఎవరి పక్షం సరియైనదని నన్ను అడిగితే నా అభిప్రాయం ఇది. గోదాలో డబ్బు పుచ్చుకొని ప్రదర్శించే వృత్తి మల్లయుద్ధంలో ఫలితాలు ముందుగా మాట్లాడుకోవడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. అది ఇప్పుడు రహస్యమేమీ కాదు. దారాసింగ్ ఐదు వందల పోటీలలో ఒక్కటీ ఓడలేదని చెప్పే లెక్కను ఆ వృత్తి సంప్రదాయాన్ని దృష్టిలో పెట్టుకొనే చదువుకోవాలి. అయితే అంతమాత్రాన మల్లుడు నటుడు కాడు. మనిషిని ఎత్తి పడవేయడానికి ఎత్తేవాడికి బలం కావాలి, పడేవాడికి పడే విద్య కావాలి. ఎముకలు విరిగేదీ, మెడ పట్టేదీ నిజంగానే. తన దేశంలో అసలైన పట్లు తెలిసిన మల్లునిగా పేరుపొందిన లూ థెజ్, దారాసింగ్ నిజమైన మల్లుడనీ, ఆయన శరీరదారుఢ్యం అద్భుతమనీ, అటువంటివాని చేతిలో ఓడినందుకు తనకు బాధ లేదనీ చెప్పినట్లు ప్రసిద్ధి. ఓడినవాని మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ. తాతగారికి థెజ్ ఎవరో తెలియదు గాని ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

హనుమంతుని వేషంలో ఆయన ముఖం సగం కప్పబడి ఉండేది. మూతికి వానరపు అమరిక, తలకు కిరీటం. ముఖంతో నటించే అవకాశం తక్కువ. మిగిలినది కళ్ళు, ఛాతీ, చేతులు, మోకాళ్ళు. రాముని ముందు మోకరిల్లినప్పుడు ఆయన శరీరం ఎంత పెద్దదో అప్పుడే బాగా తెలిసేది. మన తెలుగు తెర మీద, బాపు గారి 'సంపూర్ణ రామాయణం' మొదలైన చిత్రాలలో ఆర్జా జనార్దనరావు గారు హనుమంతునిగా మనకు చిరపరిచితులు. కండలు తిరిగిన శరీరంతో ఆయన కూడ ఆ పాత్రకు నిండుతనం తెచ్చారు. కాని అది సినిమా హాలు, ఏటికొక మారు. దారాసింగ్ వారం వారం ఇంటికి వచ్చే బంధువైనాడు. పెద్దలు ఆయన ఆరోగ్యం గురించి కూడ విచారించేవారు. "ఈ వయస్సులో ఆ గద మోయగలడా పాపం?" అని మా అమ్మగారు అనడం, "అట్టదై ఉంటుందిలే" అని నాన్నగారు అనడం, అందుకు అమ్మగారు నొచ్చుకోవడం మా ఇంట్లో జరిగినదే. వారు ఆ ఏడు మమ్మల్ని చూడడానికి ఓడలో వచ్చి, రామాయణ్ పూర్తి కాకుండా వెళ్ళనని అమ్మ పట్టుబట్టడం వలన నాలుగు నెలలు ఉండిపోయారు.

మధ్యలో కరెంటు పోయిన ఆదివారాలు కొన్ని ఉన్నాయి. వాటి గురించి చెప్పడం మొదలుపెడితే వ్యాసం ముగియదు. ఒక్కటి చెబుతాను. లంకాదహనం నాడు, తోకకు నిప్పు అంటించగానే, తెర నల్లబడింది. వరండాలో ఒక నిమిషం నిశ్శబ్దం. ఆ పిమ్మట తాతగారు లేచి, మిగిలిన కథ నోటితో చెప్పడం ప్రారంభించారు. ఆయన హనుమంతుడు లంకను తగలబెట్టిన పిమ్మట అశోకవనం తగలబడలేదు గదా అని తల్లడిల్లడం, సముద్రంలో తోక చల్లార్చుకోవడం అంతా శ్రీకాకుళం యాసలో, మధ్య మధ్య అర్థం కానివారి కోసం హిందీలో. కరెంటు తిరిగి వచ్చేసరికి ధారావాహిక అయిపోయింది. ఎవరూ విచారించలేదు.

రామాయణ్ తరువాత బి.ఆర్. చోప్రా 'మహాభారత్' వచ్చింది. అందులో భీముడు ప్రవీణ్ కుమార్ సోబ్తీ, ఆసియా క్రీడలలో డిస్కస్ విసరి స్వర్ణపతకాలు తెచ్చిన వీరుడు. ఆయనా ఆకట్టుకొన్నాడు. కాని క్లబ్బులో జనం తగ్గారు. అప్పటికి చాల ఇళ్ళలో సొంత టీవీలు వచ్చాయి. 1990లలో కేబుల్ తీగలు వచ్చి అమెరికా కుస్తీలను నట్టింటికి తెచ్చాయి. పిల్లల చేతుల్లో హల్క్ హోగన్, అండర్‌టేకర్ బొమ్మల ట్రంప్ కార్డులు. ఎవరి ఎత్తు ఎంత, ఎవరి ఛాతీ ఎన్ని అంగుళాలు అని బడిలో బెంచీల క్రింద జూదం లాగా ఆడేవారు. ఆ కార్డులలో దారాసింగ్ లేడని మా అబ్బాయి అట్టముక్క కత్తిరించి, స్కెచ్ పెన్నుతో ఒక కార్డు తానే తయారుచేశాడు. బరువు దగ్గర ఏమి వ్రాయాలో నన్ను అడిగాడు. నాకు తెలియక తాతగారి దగ్గరకు పంపాను. "కొలవలేదు" అని వ్రాయించి పంపారు. ఆ కార్డుతో ఎవరిమీదనైనా గెలుపే గనుక తోటి పిల్లలు దానిని ఆటలోకి రానివ్వలేదు. తాతగారు ఆ తరువాతి సంవత్సరం వర్షాకాలంలో కాలం చేశారు.

దారాసింగ్ 2003లో రాజ్యసభకు నామినేట్ అయినారు. ఒక క్రీడాకారుడు ఆ గౌరవం పొందడం అదే మొదలు. 2007లో 'జబ్ వీ మెట్' చిత్రంలో ఇంటి పెద్ద తాతగా కొత్త తరానికి కనిపించారు. 2012 జూలై 12న ముంబయిలో ఆయన కన్నుమూసినప్పుడు ఎనభై మూడేళ్ళు. ఆనాడు భోజన విరామంలో మా కార్యాలయంలో పాత వారందరం ఒకే బల్ల చుట్టూ చేరాం. ఆయన గెలిచిన పోటీల మాట ఎవరూ ఎత్తలేదు. ఏ ఆదివారం ఎవరు ఎక్కడ కూర్చొనేవారన్నదే చెప్పుకొన్నాం. 2018లో అమెరికాలోని డబ్ల్యు.డబ్ల్యు.ఇ. సంస్థ తన కీర్తి మందిరంలో ఆయన పేరు చేర్చింది. మా అబ్బాయి ఆ వార్తను ఫోనులో పంపించి, క్రింద "కార్డు ఇప్పుడు చెల్లుతుంది" అని వ్రాశాడు.

2020లో నేను ఉద్యోగ విరమణ చేసిన సంవత్సరమే కరోనా వచ్చింది. మార్చి 28 నుండి దూరదర్శన్ రామాయణ్‌ను తిరిగి ప్రసారం చేయడం ప్రారంభించింది. ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. మద్రాసు నుండి మన ద్వీపాలకు సముద్రగర్భంలో వేసిన కేబుల్ ఇంకా ప్రారంభం కాలేదు. అది ఆ ఏడు ఆగస్టు 10న వచ్చింది. ఇంటర్‌నెట్ నత్తనడక, ఓడలు లేవు, విమానాలు లేవు. ప్రధాన భూభాగంలో పిల్లలు ఫోనులలో సినిమాలు చూస్తూంటే, మన పిల్లలకు మళ్ళీ దూరదర్శనే దిక్కయింది. ఏప్రిల్ 16 రాత్రి దేశమంతటా ఏడున్నర కోట్ల మందికి పైగా రామాయణ్ చూశారని దూరదర్శన్ ప్రకటించింది. ఆ కోట్లలో మా ఇంట్లోని నలుగురమూ ఉన్నాం.

మా మనుమరాలికి అప్పుడు ఎనిమిదేళ్ళు. దాని తమ్మునికి నాలుగు. కిష్కింధ కథ వచ్చిన రాత్రి, బ్రాహ్మణ వేషం విడిచి హనుమంతుడు నిజరూపంతో రామలక్ష్మణులను భుజాల మీద ఎక్కించుకొని కొండ ఎక్కాడు. మనుమరాలు అడిగింది.

"తాతయ్యా, ఈయన పేరేమిటి?"

"హనుమంతుడమ్మా."

"అది తెలుసు. వేషం వేసిన ఆయన పేరు?"

"దారాసింగ్."

అది తమ్ముని వైపు తిరిగి, తిరిగి నా వైపు చూసి, నమ్మలేనట్లు అడిగింది: "అమ్మ రోజూ వీణ్ణి తిట్టే దారాసింగేనా? నిజంగా ఉన్నాడా!"